మధ్యలో కోళ్ళున్న నవల

ఒడిశాలోని రాయగడలో మా తెలుగు కుటుంబాలవాళ్ళం నెలకోసారి చర్చి పక్క గదిలో కలుస్తాం. ప్రార్థన, టీ, పకోడీ అయ్యాక, ఈమధ్య చదివి ఇష్టపడ్డ పుస్తకం గురించి ఒక్కొక్కరూ చెప్పాలి. ఈ ఏర్పాటు కాలేజీ లెక్చరరు గారిది. మా పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. పెద్దవాళ్ళమైనా చదవకపోతే భాష ఏమైపోతుందని ఆయన బాధ. ఆ బాధ ఆయన చెప్పుకోవడంతోనే చాలాసార్లు సమయం అయిపోయేది.

ఇక్కడ తెలుగు నవల దొరకడం కష్టం. అందుకని బడి సెలవుల్లో విజయనగరం వెళ్ళినప్పుడు ఒకటి కొని తెచ్చాను. అక్కాచెల్లెళ్ళ కథ. చెల్లెలు అత్తవారింటి గడప తొక్కగానే, పేజీ తిప్పితే "కోడిపిల్లలకు మొదటి వారం దాణా" అని ఉంది. బైండింగువాళ్ళ పొరపాటు. నవలలో కొన్ని పేజీలు పోయి, వాటి చోట కోళ్ళ పెంపకం పుస్తకం వచ్చి కూర్చుంది.

చదివినవాళ్ళు వాళ్ళే చూసి నవ్వుకుంటారు కదా అని ఏమీ చెప్పకుండా లెక్చరరు గారికిచ్చాను. ఆయన నుంచి రైల్వే ఇంజనీరు గారికి, అక్కణ్ణుంచి మా పక్కింటి సిస్టరమ్మకి వెళ్ళింది. ఆవిడ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. ముగ్గురిలో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు.

ఆ నెల సమావేశంలో మొదట లెక్చరరు గారు లేచారు. "మానవ సంబంధాలని ఇంత సున్నితంగా ఎవరూ రాయలేదు," అన్నారు. ఇంజనీరు గారు, ఆదివారమంతా టీవీ పెట్టకుండా ఏకబిగిన చదివేశానన్నారు. "ఏ ఆదివారం?" అంది పక్కనే ఉన్న ఆయన భార్య. ఆయన పకోడీ అందుకున్నారు.

తర్వాత సిస్టరమ్మ వంతు.

"నాకు మజ్జలో కోళ్ళ బాగం బాగా నచ్చినాదమ్మా," అంది. "అత్తోరింటికెళ్ళిన పిల్ల ఏడుస్తా కూకోకుండా సక్కగా కోళ్ళు పెట్టీసింది."

ఇంజనీరు గారు లెక్చరరు గారి వైపు చూశారు. లెక్చరరు గారు గొంతు సవరించుకున్నారు.

"నేనూ అక్కడికే వద్దామనుకుంటున్నాను. ఆ కోళ్ళు నిజానికి కోళ్ళు కావు. స్త్రీ స్వేచ్ఛకి అవి ప్రతీక."

"అవునవును, ప్రతీకే," అన్నారు ఇంజనీరు గారు.

"కాదు బాబూ, కోళ్ళే," అంది సిస్టరమ్మ. "టీకా ఎప్పుడెయ్యాలో కూడా రాసేరు. నాను సంతలో కోడిపిల్లల్ని కొని అలాగే సాకుతన్నాను. ఒక్కటీ సావలేదు."

అందరూ చప్పట్లు కొట్టారు. నాకు నవ్వాలో, ఊరుకోవాలో తెలియలేదు. మిగతావాళ్ళ సంగతి సరే, సిస్టరమ్మని అలా వదిలెయ్యడానికి మనసొప్పలేదు. ఇంటికి నడుస్తూ జరిగింది చెప్పేశాను. ఆవిడ ఆగిపోయింది.

"అయితే ఆ పిల్ల నిజంగా ఏటి సేసిందమ్మీ?"

"నాకూ తెలీదు సిస్టరమ్మా. ఆ పేజీలే లేవు కదా."

"అలాగొగ్గేస్తే ఎలాగ? కనుక్కో."

అంత పట్టుదలగా ఒక కథ గురించి అడిగిన మనిషిని ఆ గదిలో నేనింతవరకు చూడలేదు. విజయనగరంలో ఉన్న మా చెల్లెలికి ఫోన్ చేసి, మంచి ప్రతి ఒకటి వెతికించి తెప్పించాను. సిస్టరమ్మ కళ్ళజోడు పెట్టుకుని వాకిట్లో కూర్చుంది. మర్నాడు సాయంత్రం పుస్తకం పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. ముఖం చిన్నబోయి ఉంది.

"ఏమైంది?" అన్నాను.

"ఏటవుతాది? ఏడుపే. వంటింట్లో ఏడిసింది, పెరట్లో ఏడిసింది, అక్కకి ఉత్తరం రాస్తా ఏడిసింది. ఒక్క పనీ సెయ్యలేదు." పుస్తకం నా చేతిలో పెట్టింది. "ఇది నువ్వే ఉంచుకోమ్మీ. నాకు ఆ పాతదే ఇచ్చీ."

ఇచ్చేశాను.