పింఛను కోసం జబ్బుపడ్డ వంశం

ఆ శనివారం పొద్దున తిరువూరు బస్టాండు పక్క సందులో ఉన్న ఆసుపత్రి ముందు ఒక ట్రక్కు ఆటో ఆగింది. మామిడికాయల లోడు దించినట్టు అందులోంచి మా బంధువులంతా దిగారు. ముందు ఎ.కొండూరు దానియేలు బాబాయ్, నడుం మీద చెయ్యి పెట్టుకుని. వెనక రెడ్డిగూడెం పెద్దమ్మ, మొహానికి పౌడరు మానేసి. ఆ వెనక ఇంకా చాలామంది. అందరికీ ఒకేసారి రక్తం జబ్బు చేసింది. ఆ జబ్బు తెప్పించినవాణ్ణి నేనే. తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. మీరు నవ్వుకోండి, ఫరవాలేదు. ఆ రోజు ఆసుపత్రి వాచ్‌మన్ కూడా నవ్వాడు.

అప్పటికి నేను పత్రికలో కొత్తగా చేరాను. స్నానానికి వెళ్లినా మెడలోంచి గుర్తింపు కార్డు తియ్యని రోజులవి. మా చెల్లెలు రూతు ఇక్కడే స్కూల్లో టీచరు. ఏ దెబ్బా తగలకుండానే దాని చేతుల మీద, కాళ్ల మీద నల్లగా కమిలిన మచ్చలు రావడం మొదలైంది. పరీక్ష చేయిస్తే రక్తంలో ప్లేట్‌లెట్లు బాగా తక్కువని తేలింది. విజయవాడ నుంచి వారానికోసారి వచ్చే రక్తం జబ్బుల డాక్టరమ్మ ముందు మాత్రలిచ్చింది. అవి పనిచెయ్యకపోయేసరికి నన్ను కూర్చోబెట్టి చెప్పింది.

"రోగాలతో పోరాడాల్సిన వ్యవస్థే దారి తప్పి మీ చెల్లెలి ప్లేట్‌లెట్లను తినేస్తుండొచ్చు. అలాగైతే కడుపులో ప్లీహం తీసేసే ఆపరేషన్ దాకా వెళ్లాల్సి రావచ్చు. అలా కాకుండా ఇది మీ వంశంలోనే ఉంటే, ఈ మాత్రలూ అనవసరం, ఆపరేషనూ అనవసరం. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి మచ్చలు రావడం, పన్ను పీకితే రక్తం ఆగకపోవడం ఉందా?"

"కనుక్కుంటాను మేడమ్. విలేకరిని కదా!" అన్నాను, రాష్ట్ర రహస్యాలన్నీ నా జేబులోనే ఉన్నట్టు.

"త్వరగా కనుక్కో అన్నయ్యా" అంది రూతు. "ఆ మాత్రలకి నా మొహం బూరెలా పొంగింది. క్లాసులో పిల్లలు గుడ్ మార్నింగ్ మానేసి 'మా టీచర్ ఎప్పుడొస్తారండీ' అనడుగుతున్నారు."

ఆ సాయంత్రమే ఫోన్లు మొదలుపెట్టాను.

"బాబాయ్, మనింట్లో ఎవరికైనా రక్తం జబ్బులున్నాయా?"

"ఎవడు చెప్పాడ్రా నీకు?"

"ఎవరూ చెప్పలేదు. అడుగుతున్నాను."

"మనది గట్టి రక్తంరా. మీ తాతయ్య ఏ జబ్బూ లేకుండా పోయాడు."

"మరెలా పోయాడు?"

"ఆరోగ్యంగా పోయాడు."

పెద్దమ్మకు చేశాను. "నాయనమ్మకి ముక్కు వెంట రక్తం కారేదట కదా పెద్దమ్మా?"

"అది ఎండకి నాన్నా."

"క్రిస్మస్ రోజుల్లో కదా కారింది?"

"క్రిస్మస్ ఎండకి."

మా వాళ్లను తప్పుపట్టలేం. పెళ్లి కావలసిన పిల్లలున్న ఇంట్లో జబ్బు ఉండకూడదు. ఆఖరి పిల్ల పెళ్లయిన మర్నాడు మాత్రం అన్నీ ఒకేసారి బయటికొస్తాయి, వానకు ఉసిళ్లొచ్చినట్టు. కానీ రూతుకి అంత వ్యవధి లేదు. అప్పుడు నా బుర్రలో ఒక ఉపాయం మెరిసింది. మెరవకుండా ఉంటే ఎంత బాగుండేదో!

గురువారం సాయంత్రం మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఇలా పెట్టాను: "వంశపారంపర్యంగా రక్తం జబ్బు ఉన్నవాళ్లకు నెలనెలా పింఛను ఇస్తారని అనుకుంటున్నారు. ఎవరికైనా ఉంటే శనివారం తిరువూరు ఆసుపత్రికి రండి." ఇలాంటి వార్త పంపితే మా సబ్ ఎడిటర్ "ఎవరయ్యా అనుకుంటున్నది?" అని చింపేసేవాడు. వాట్సాప్‌కి సబ్ ఎడిటర్ ఉండడు. దాచుకున్న ఒకరో ఇద్దరో బయటపడతారని నా లెక్క. ట్రక్కు ఆటో వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

డాక్టరమ్మ ముందు బాబాయే మొదట కూర్చున్నాడు.

"మీకేంటండి ఇబ్బంది?"

"రక్తం అండి."

"రక్తానికేమైంది?"

"అదే అండి, వంశపారంపర్యం."

"ఎప్పట్నుంచి?"

"గురువారం నుంచండి."

పెద్దమ్మ జాకెట్టు చెయ్యి పైకి లాగి నల్లటి మచ్చ చూపించింది. డాక్టరమ్మ దూదితో తుడిచింది. మచ్చ దూదికొచ్చేసింది.

"ఇది కాటుక కదమ్మా?"

"కాటుక కూడా ఉందండి" అంది పెద్దమ్మ, ఏమాత్రం తొణక్కుండా.

వెనకనుంచి ఎవరో "ఇంటికి ఒక్కరికేనా అండి, మొగుడూ పెళ్లాలిద్దరికీ ఇస్తారా?" అని అరిచారు. డాక్టరమ్మ కళ్లజోడు తీసి నా వైపు చూసింది. ఆవిడ అలా చూస్తుంటే నా గుర్తింపు కార్డు లాగి చొక్కాలోపల వేసుకున్నాను.

అయినా ఓపిగ్గా అందరికీ పరీక్షలు రాసింది. అందరూ నిక్షేపంగా ఉన్నారు. "మీ వాళ్లకి ప్లేట్‌లెట్లు కావలసినన్ని ఉన్నాయండీ. కొరత ఇంకెక్కడో ఉంది" అంది. పింఛను సంగతి అబద్ధమని నేను ఒప్పుకునేసరికి బాబాయ్ ఆసుపత్రి అదిరిపోయేలా లేచాడు.

"అంటే నాకు జబ్బు లేదా?"

"లేదు బాబాయ్."

"ఇంత దూరం రప్పించి లేదంటావేంట్రా, సిగ్గులేదూ!"

ఆటో వెళ్లిపోయాక రూతు మెట్ల మీద కూలబడి, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది. తర్వాత ఉన్నట్టుండి ఆగి, "అన్నయ్యా, రానిదెవరో చూశావా?" అంది.

పెనుగొలను మార్తమ్మత్తయ్య రాలేదు. నాన్నకు సొంత చెల్లెలు. అప్పుడు ఆవిడ పెద్దకూతురికి సంబంధం మాట్లాడుతున్నారు. పింఛను ఇస్తామన్నా కదలలేదంటే సంగతేదో ఉందని ఇద్దరం బండి మీద వెళ్లాం. మండుటెండలో కూడా అత్తయ్య పైట రెండు భుజాల చుట్టూ కప్పుకుని ఉంది.

"నాకేం జబ్బర్రా! రాయిలా ఉన్నాను" అంటూ కాఫీ గ్లాసు అందించింది. పైట జారింది. మోచేతి కింద నల్లటి మచ్చలు. కాటుక కాదు.

"అదేంటత్తయ్యా?"

"తలుపు తగిలింది."

రూతు తన చెయ్యి తీసుకెళ్లి ఆ చేతి పక్కన పెట్టింది. "నాకూ ఆ తలుపే తగిలినట్టుంది అత్తయ్యా."

అత్తయ్య రెండు చేతులకేసీ చూసింది. రూతు తల నిమిరి, "పిల్ల సంబంధం కుదిరేదాకా నన్నేం అడగకండర్రా. అయ్యాక ఒంట్లో ఉన్న రక్తమంతా తీసుకోండి" అంది.

ఈ మాట చెప్తే డాక్టరమ్మ, "చూసొచ్చినంత మాత్రాన తేలదు, ఆవిడ రక్తం కావాలి" అంటూనే ఆపరేషన్ మాట పక్కన పెట్టి, మాత్రలు మెల్లగా తగ్గిస్తూ వచ్చింది. రూతు మొహం బూరె నుంచి మళ్లీ మొహమైంది. మచ్చలు మాత్రం వచ్చి పోతూనే ఉన్నాయి.

నా మటుకు నేను, నా కలం మీదా, బాబాయ్ తిట్ల మీదా ప్రమాణం చేసి చెబుతున్నాను: బతికుండగా మా బంధువులకు ఏ పథకం గురించీ చెప్పను, అది నిజమైనదైనా సరే.

అత్తయ్య పెద్దకూతురి పెళ్లి ఘనంగా జరిగింది. ఇప్పుడు రెండో కూతురికి సంబంధాలు చూస్తున్నారు. అత్తయ్య రక్తం ఇంకా ఆవిడ ఒంట్లోనే ఉంది.