దుప్పటి కాపలా

గడ్డి మీద పరిచిన దుప్పటి కనిపిస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. సిడ్నీ శివారు స్కోఫీల్డ్స్‌లో మా పక్కింట్లో ఉండే అక్క గుర్తొస్తుంది. ఆరుబయట ఎక్కడికెళ్లినా ఆవిడది ఒకటే మాట: "లేస్తే చోటు పోతుందే!" గుడివాడ బస్టాండులో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకున్న చెయ్యి అది. ఇక్కడికొచ్చి ఎన్నేళ్లయినా ఆ తీరు మారలేదు.

ఆ ఆదివారం పార్కులో లాటిన్ సంగీత కచేరీ. మొదలయ్యేది సాయంత్రం. ఆవిడ మాత్రం మిట్టమధ్యాహ్నమే నన్నూ, ఇంకో ఇద్దరు స్నేహితుల్నీ లాక్కెళ్లి, వేదిక ముందు పూల దుప్పటి పరిచి, మూలకొక జత చొప్పున అందరి చెప్పులూ పెట్టించింది. ఎండలో మాడిపోయాం.

తీరా డ్రమ్ములు మోగగానే పార్కంతా లేచి డ్యాన్సు మొదలుపెట్టింది. అక్క ఒక్కతే కూర్చుని ఉంది. చుట్టూ జనం కాళ్లు తప్ప ఆవిడకేమీ కనిపించడం లేదు.

"అక్కా, ఎవ్రీవన్ ఈజ్ స్టాండింగ్! ఈ చోటు ఎవడిక్కావాలి?"

"మీరెళ్లండి. నేను చూసుకుంటా."

ఇక ఓపిక లేక రెండు చేతులూ పట్టి లేపేశాను. వెనక్కి చూసుకుంటూనే ఒక పాటంతా ఆడింది. మా అందరికంటే బాగా ఆడింది!

తిరిగొచ్చేసరికి దుప్పటి మీద ఎవరో స్పానిష్ మామ్మ, బూట్లు విప్పి పాదాలు నొక్కుకుంటోంది. అక్క నడుం మీద చేతులు వేసుకుంది. గొడవ తప్పదనుకున్నాను.

అక్క డబ్బా తెరిచి, మామ్మకి ఇంత పులిహోర పెట్టి, పక్కనే చతికిలబడి నావైపు విజయగర్వంతో చూసింది.

"చెప్పానా, లేస్తే పోతుందని?"