గోడకుండ తేనె

కొండగట్టు దారిలో కంకర కొట్టే మా గుంపులో హనుమండ్లుది పెద్ద నోరు. ఎండకు అందరం సొమ్మసిల్లినా అతని మాట మాత్రం ఆగేది కాదు. నిజాం కాలంలో తన తండ్రి పోయిన నాడు పట్టిన సుత్తెను మళ్లీ దించలేదు. అతను ఎవరికైనా లోబడ్డాడంటే అది భార్య లస్మవ్వకే, అదీ తేనెకుండల దగ్గర.

మా ఊళ్లో తేనెటీగలు గోడలో ఉంటాయి. మట్టిగోడ పెట్టేటప్పుడే కుండను అడ్డంగా ఇరికించి, అడుగుకు చిన్న బెజ్జం చేసి బయటికి వదులుతారు. మూతి ఇంట్లోకి ఉంటుంది. దానికి మూకుడు పెట్టి పేడతో మెత్తుతారు. గుట్ట మీది చిన్న నల్ల ఈగలు వాటంతట అవే వచ్చి చేరతాయి. లస్మవ్వ గోడలో రెండు కుండలుండేవి. ఆ ఏడు ఒక కుండను ఆమె ముట్టనే లేదు. కూతురు బాలలక్ష్మి పురిటికి వచ్చి ఉంది. పుట్టిన బిడ్డ నాలుకకు మొదట తల్లిగారి గోడ తేనె తగలాలి.

ఆంధ్రప్రదేశ్ వచ్చి పదేళ్లు దాటిన ఆ వానాకాలంలోనే, తేనెటీగల సారు ఒకాయన పంజాబు నుంచి తెప్పించిన సీమ ఈగల పెట్టెను హనుమండ్లు పెరట్లో పెట్టించాడు. అవి పచ్చగా, లావుగా ఉన్నాయి. ఇక హనుమండ్లును పట్టడం ఎవరి వల్లా కాలేదు. పక్కింటి భూమన్న అతనికి వరసకు బామ్మర్ది. హనుమండ్లు అతని వాకిట్లో నిలబడి అరిచాడు.

"నీ గోడ ఈగలు చెంచెడు ఇచ్చేటాల్లకు నా పెట్టె బకెట్ నింపుతది, బామ్మర్దీ! గా కుండ పలగ్గొట్టి ఉల్లిగడ్డలు పోసుకో!"

"పోసుకుంట తియ్ బావా. ముందుగాల నీ బకెట్ నిండనీ" అన్నాడు భూమన్న.

ముసురు పట్టింది. పూలు లేవు. బెల్లం నీళ్లు పెట్టె లోపలే పెట్టాలనీ, బయట చుక్క పడనీయొద్దనీ సారు చెప్పిపోయాడు. హనుమండ్లుకు ఆ మాట నచ్చలేదు.

"మా ఇంట్ల ఒగలకు వెట్టి ఒగలను చూడవెట్టుడు లేదు" అంటూ తాంబాళం నిండా బెల్లం నీళ్లు పోసి వాకిట్లో పెట్టాడు. పెట్టె ఈగలు, గోడ ఈగలు ఒకే పంక్తిలో తింటాయని అతని మురిపెం.

కాసేపు తిన్నాయి. తాంబాళం ఎండిపోయాక, తీపి మరిగిన సీమ ఈగలు లస్మవ్వ గోడ మీద పడ్డాయి. బెజ్జాల దగ్గర నల్ల ఈగలు కుప్పలుగా రాలాయి. మిగిలినవి గుంపుగా లేచి గుట్టవైపు పోయాయి. లస్మవ్వ మూకుడు తీసి చూస్తే కుండల్లో పిప్పి తప్ప ఏమీ లేదు. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేదని హనుమండ్లు నాతో అన్నాడు.

అదే వారంలో బాలలక్ష్మికి మగపిల్లాడు పుట్టాడు. హనుమండ్లు పెట్టె తెరిచి వేలితో తేనె తీసి నాకాడు. బెల్లం పాకమే. వేలు ధోతికి తుడుచుకుని, చిన్న గిన్నె పట్టుకుని భూమన్న ఇంటికి పోయాడు. గడప దగ్గర నిలబడ్డాడు.

"ఏంది బావా, బకెట్ తేలే?"

హనుమండ్లు గిన్నె ముందుకు చాపాడు. అతని ముఖం చూసి భూమన్న నవ్వు ఆపుకున్నాడు. గిన్నె అందుకుని లోపలికి పోయాడు. తన గోడకుండ మూకుడు పగలదీసిన చప్పుడు వినిపించింది.

హనుమండ్లు ఇంటికి తిరిగొచ్చి, గిన్నెను గడప దగ్గరే లస్మవ్వకు అందించి అరుగు మీద కూలబడ్డాడు. లోపల చుట్టుపక్కల ఆడవాళ్లు చేరి ఉన్నారు.

"మీ గోడదేనా, లస్మవ్వా?" అని ఎవరో అడిగారు.

"మా గోడదే. మా ఆయిన తీసిచ్చిండు" అంది లస్మవ్వ గట్టిగా.

మనవణ్ణి చూడ రమ్మని పిలిచారు. హనుమండ్లు లేవలేకపోయాడు. అతని పక్కనే గోడలో రెండు బెజ్జాలు ఖాళీగా ఉన్నాయి.