తుంగమడుగు గింజలు

తార్నాక చౌరస్తాలో బస్సు దిగి యూనివర్సిటీలోకి నడిచేవాళ్ళ కళ్ళు పెద్ద భవనాల మీదే ఉంటాయి. తప్పేం లేదు, కట్టినవాళ్ళు చూడమనే కట్టారు. నాకు మాత్రం ఏ ఊరు వెళ్ళినా ముందు ఆ ఊరి నీళ్ళు ఎటు పారతాయో చూడాలనిపిస్తుంది. కొల్లేరులో పడవెక్కాను, పులికాట్ ఒడ్డున రోజుల తరబడి కూర్చున్నాను. అయినా అన్నిటికంటే ఎక్కువసార్లు వెళ్ళింది తుంగమడుగుకే.

తుంగమడుగు ఏ పటంలోనూ లేదు. హాస్టళ్ళు దాటి లాలాపేట్ వైపు నడిస్తే నేల కాస్త మిట్టెక్కుతుంది. తంగేడు పొదలు, సీతాఫలం చెట్లు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బండలు. ఈ బండలు భూమి మీద చెట్టూ చేమా పుట్టకముందే పుట్టాయని భూగర్భశాస్త్రం చదివినవాళ్ళు చెబుతారు. వాటి మీద కూర్చుని పల్లీలు తినే విద్యార్థులకు ఆ సంగతి పట్టదు. బండలకూ అంతే అనుకోండి. ఆ మిట్ట మీద పడిన వాన బండల సందుల్లోంచి జారి, రెండు గుట్టల మధ్య పల్లంలో ఆగుతుంది. అదే మడుగు. వానల్లో మోకాటి లోతు, వేసవిలో తడి నేల. మన కావ్యాల్లో కొలను అనగానే తామరలూ హంసలూ రావాలి గదా, ఇక్కడ అవేవీ లేవు. తుంగ, జమ్ము, రెండు నీటికోళ్ళు, లెక్కలేనన్ని కప్పలు.

ఆ మడుగులో 1991 వానాకాలంలో ఒక మనిషి ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి, నడుం వంచి, నీళ్ళలో చేతులు పెట్టి దేవులాడుతున్నాడు. ఒడ్డున ఖాకీ చొక్కా మడతపెట్టి ఉంది.

"చేపలా?" అని అడిగాను.

"చేపలు గావు సార్, పరీక్ష పేపర్ పడుతున్న," అన్నాడు తలెత్తకుండానే. "రేపు పిలగాండ్లకు ప్రాక్టికల్స్. గీ చేతిలున్నదే పేపర్. ఎవ్వరికి చెప్పకుండ్రి."

అతని పేరు బుచ్చిరాములు. బాటనీ డిపార్ట్‌మెంట్‌లో అటెండరు. భువనగిరి దగ్గరి పల్లె నుంచి పందొమ్మిదేళ్ళ వయసులో వచ్చి, మొదట తోటమాలిగా చేరి, తరవాత ల్యాబులోకి మారాడు. లాలాపేట్‌లో రెండు గదుల ఇల్లు. భార్య లచ్చవ్వ. పిల్లలకు కోసి చూడటానికి, పరీక్షలో బల్ల మీద పెట్టడానికి కావలసిన మొక్కలు తేవడం అతని పని. వాటిలో సగం తుంగమడుగువే.

తేవడంలో అతనికొక పద్ధతి ఉంది. మడుగుకు నాలుగు పక్కలు. ఈ ఏడు తూర్పు పక్క తీస్తే మిగతా మూడు పక్కలూ ముట్టుకోడు. వచ్చే ఏడు దక్షిణం. నాలుగేళ్ళకు గానీ మళ్ళీ తూర్పుకు రాడు. ఎవరు నేర్పారని అడిగితే, "నేర్పేదేమున్నది సార్, ఒక్క దిక్కే మేస్తె బర్రెకు గూడ గడ్డి దొరకది," అన్నాడు.

ఆ మొక్కల్లో అతనికి ఇష్టమైనదొకటి ఉంది. సన్నటి కాడ, దాని కొసన నాలుగే ఆకులు, సీతాకోకచిలుక రెక్కల్లాగా. నీళ్ళున్నప్పుడు ఆకులు తేలతాయి. నీళ్ళు తగ్గుతున్నకొద్దీ కాడల మొదట్లో నల్లటి గట్టి కాయలు కడతాయి, కందిగింజంత. శాస్త్రం ప్రకారం అది గింజ కాదు. పువ్వే పూయని మొక్క అది, గింజెక్కడిది? దానికి వేరే పేరుంది, పిల్లలు రికార్డుల్లో రాసుకునేవారు. బుచ్చిరాములుకు మాత్రం అది గింజే. క్లాసులో పిల్లలు ఆ గింజను బ్లేడుతో కోసి, గాజు గిన్నెలో నీళ్ళలో వేసేవారు. కాసేపటికి అందులోంచి జిగురులాంటి తీగ ఒకటి పాములాగా మెల్లగా బయటికి పాకేది. బుచ్చిరాములు ఆ క్లాసు ఉన్న రోజున వేరే పనులన్నీ ఆపి బల్ల పక్కన నిలబడేవాడు. ముప్పయ్యేళ్ళు చూశాడు. విసుగు రాలేదు.

1993లో మిట్ట మీద ఇళ్ళు లేచాయి. బోర్లు పడ్డాయి. కొన్ని బండలు పగిలి కంకరైపోయాయి. వాన పడినా నీళ్ళు పల్లానికి దిగే దారి సగం మూసుకుపోయింది. ఆ వేసవిలో మడుగు అడుగు పెచ్చులు పెచ్చులుగా చిట్లింది. ఎండిన నేలలో నాలుగాకుల మొక్క బాగా కాయ కట్టిందని బుచ్చిరాములు సంబరపడ్డాడు. ఒక మధ్యాహ్నం కూర్చుని జర్దా డబ్బీ నిండా ఏరుకున్నాడు. అదే మంచిదైంది. నెల తిరక్కుండా ఎవరో పునాదుల మట్టి లారీల్లో తెచ్చి సరిగ్గా ఆ మూలనే కుమ్మరించి పోయారు. నీళ్ళు తగ్గిపోయాక మడుగులో ఆ మొక్క బతికింది ఆ మూలే. ఇక మిగిలింది డబ్బీలోనే.

"పోనీ లెండి, డబ్బీ ఉంది కదా," అన్నాను.

"ఉన్నది సార్. తొంభై ఆరు జూన్‌ల నేను రిటైర్ అయిత. ఆ లోపట గిది మొలవాలె. తర్వాత ఎవరు చూస్తరు? పిలగాండ్లకు బొమ్మ చూపెట్టి సరిపెడ్తరు."

అంతకు మించి అతనికి కోరికేం ఉన్నట్టు కనబడలేదు. రిటైరయ్యేలోగా ఆ మొక్క మళ్ళీ నీళ్ళలో తేలాలి. 1994 వానలకు డిపార్ట్‌మెంట్ వెనక తోటలోని సిమెంటు తొట్టిలో ఒండ్రుమట్టి పోసి, నీళ్ళు నింపి, గింజలు చల్లాడు. రోజూ పొద్దున్నే వెళ్ళి తొట్టిలోకి తొంగి చూసేవాడు. నాచు వచ్చింది, దోమలు వచ్చాయి, ఒక కప్ప కాపురం పెట్టింది. నాలుగాకులు రాలేదు.

బాటనీ పాఠాలు చెప్పే భార్గవి మేడమ్ ఆ తొట్టి మీద అతన్ని ఆటపట్టించేది. ఆవిడది అనంతపురం. ఇరవై ఏళ్ళుగా హబ్సిగూడలో ఉంటున్నా మాట మారలేదు.

"ఏమప్పా బుచ్చిరాములూ, నీళ్ళకు పాఠం చెప్తా ఉండావా పొద్దున్నే?"

"కప్పను అడుగుతున్న మేడమ్, కిరాయి ఎప్పుడిస్తవని."

ఆ తొట్టిలో ఏం వేశాడో మాత్రం ఆవిడకు చెప్పలేదు. మొలిచాక చూపిద్దామని. 1995 జూన్‌లో మళ్ళీ చల్లాడు. ఈసారి ఊరి నుంచి చెరువుమట్టి తెప్పించాడు. జూలై పోయింది. ఏమీ లేదు. బండ మీద నా పక్కన కూర్చుని డబ్బీ మూత తీసి చూపించాడు. అడుగున యాభై గింజలుంటాయేమో.

"సచ్చినయేమో సార్."

రైతు కొడుకు ఆ మాట అనడం ఎంత కష్టమో వాళ్ళ నాన్న సంగతి విన్న నాకు తెలుసు. ఆయన విత్తనాలు వేపాకులో కలిపి, బుట్టకు పేడ అలికి, మూత మీద మట్టి మెత్తి అటక మీద పెట్టేవాడట. కరువొచ్చిన ఏడు ఇంట్లో రెండు పూటలు పొయ్యి వెలక్కపోయినా ఆ బుట్ట దించలేదట. గింజ విరిగితే ప్రాణం పోతుందని దంపే రోకలిని దాని ఛాయలకు రానిచ్చేవాడు కాడట. లోకంలో ఎన్నో జాతుల వాళ్ళు విత్తనాన్ని దేవుడి పక్కన పెట్టారని పుస్తకాల్లో చదివాను. అటక మీది ఆ బుట్ట ముందు ఆ పుస్తకాలన్నీ తేలిపోయాయి.

ఆగస్టులో గింజ కోసే ఆ క్లాసు రానే వచ్చింది. భార్గవి మేడమ్ అతన్ని పిలిచి రేపటికి ఇరవై గింజలు కావాలంది.

"ఇరవయ్యా? ఇద్దరికొక్కటి ఇస్తె నడవదా మేడమ్?"

"ఎందుకు నడవదు? నలుగురికొకటి ఇయ్యి, లేకుంటే ఒక్కటి దారానికి కట్టి వేలాడదీయి, అందరూ దండం పెట్టుకొని పోతారు. ఏమయిందప్పా నీకు? అడగంగానే దోసిలి నిండా తెచ్చేటోడివి."

మర్నాడు డబ్బీలోంచి ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. పది ఇచ్చాడు. మొదటిసారి ఆ క్లాసులో బల్ల దగ్గర నిలబడకుండా గుమ్మం అవతల నిలబడ్డాడట. బ్లేడు దిగిన చప్పుడుకు ప్రతిసారీ తల పక్కకు తిప్పుకున్నాడట. క్లాసయ్యాక గాజు గిన్నెలన్నీ బకెట్లో వంచి, ఎప్పటిలా సింకులో పొయ్యడానికి చేతులు రాక, కిటికీ కింద కుళాయి నీళ్ళు పారే చిన్న కాలవలో పారబోశాడు. కోసిన గింజలను దాచుకోవడం దేనికి?

ఆ తరవాతి నెల ఒక మధ్యాహ్నం లచ్చవ్వ సద్ది తెచ్చింది. పొద్దున్న ఆలస్యమై గిన్నె మరిచిపోయి వచ్చాడని నడిచి వచ్చింది. ఆమెకు ల్యాబు వాసన పడదు, లోపలికి రాదు. కిటికీ కింద కూర్చుంది. బుచ్చిరాములు చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఆమె కొంగులో ఏదో ఆకు తెంపుకుంటోంది.

"ఏంది గది?"

"కూర. మా తల్లిగారింట్ల పొలంగట్ల పొంటి మస్తుగ ఉండేది. పప్పుల ఏస్తె మంచిగుంటది. గింత కూర నీ కిటికి కింద పెట్టుకొని దినాం బజార్ల కొనుక్కొస్తవేంది?"

కొంగులోంచి ఒక కాడ తీసి చూశాడు. నాలుగు ఆకులు. కాలవ పొడవునా చూశాడు. తడి మట్టి మీద, నాచులో, చేతి వెడల్పున పాకి ఉంది. సగం ఇప్పటికే లచ్చవ్వ కొంగులో ఉంది.

"ఓ లచ్చవ్వా, ఆపే. చెయ్యి ఆపు."

"ఏమాయె? విషమా?"

"విషం కాదు. నా పిండాకూడు," అంటూ నేల మీద కూలబడి నవ్వాడట. ఎందుకు నవ్వుతున్నాడో, కళ్ళు ఎందుకు తుడుచుకుంటున్నాడో తెలియక ఆమె సద్దిగిన్నె మూత తీసి ముందు పెట్టి, "ముందు తిను, తర్వాత పిచ్చి పట్టించుకో," అంది.

తినలేదు. ఆ కాడ పట్టుకుని నేరుగా భార్గవి మేడమ్ గదికి పోయాడు. తొట్టి సంగతీ, డబ్బీ సంగతీ, రెండేళ్ళ సంగతీ అన్నీ చెప్పి అడిగాడు. "పానం బోయిన గింజ ఎట్ల మొలిచె మేడమ్? పానమున్న గింజ ఎందుకు మొలవకపాయె?"

ఆవిడ నవ్వబోయి, అతని మొహం చూసి ఆగింది.

"దాని పైపెంకు రాయప్పా. నీళ్ళు లోపలికి పోవు. మడుగులో పడి, మట్టిలో నాని, ఏండ్లకేండ్లకు పెంకు మెత్తబడితే అప్పుడు మొలుస్తాది. మనకంత కాలం ఏడుంది? అందుకే కోసేది. కోస్తేనే దానికి నీళ్ళు తగిలేది. ముప్పై ఏండ్లు పక్కనే నిలబడి చూసినావు కదా, ఎందుకు కోస్తారని అడగలేదా?"

"లోపల ఏమున్నదో చూస్తందుకు కోస్తున్నరనుకున్న. విత్తనాన్ని కోస్తరా మేడమ్ ఎవరన్న?"

ఆవిడ అతని చేతిలోని కాడ తీసుకుని బల్ల మీద పెట్టింది. తరవాత, "నీ తప్పేం లేదులే," అంది. "ఏడాదికి ఇరవై మంది పిల్లోళ్ళకు చెప్తా ఉండా. పక్కన నిలబడిన మనిషికి ఒక్కసారి చెప్పలేదు."

ఆ సాయంత్రం క్లాసులయ్యాక ఆవిడ అతన్ని ల్యాబులో కూర్చోబెట్టింది. విద్యార్థుల స్టూలు మీద. అన్నేళ్ళుగా ఆ స్టూళ్ళు తుడిచాడు, సర్దాడు, విరిగినవాటికి మేకులు కొట్టాడు. కూర్చోలేదు. చేతికి బ్లేడిచ్చింది. అతను ముందు వద్దన్నాడు, మీరే కొయ్యండన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. "నేను ఏడాదికొకటి కోసి చూపిస్తా, అంతే. ఇవి నీ గింజలు. అంచున కొద్దిగా గీరు, చాలు." చత్వారపు కళ్ళజోడు సర్దుకుని, గింజను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, కళ్ళు మూసుకుని కోశాడట. కళ్ళు మూసుకుని కొయ్యొద్దని, వేలు తెగుతుందని ఆవిడ కసిరింది. రెండోది కళ్ళు తెరిచే కోశాడు. గిన్నెలో నీళ్ళు పోస్తే కాసేపటికి తీగ బయటికి వచ్చింది. ఇన్నేళ్ళూ దాన్ని చూస్తూనే ఉన్నానని, అది దారి వెతుక్కుంటోందని మాత్రం తెలియలేదని తరవాత నాతో అన్నాడు.

మర్నాటి నుంచి కాలవలోని మొక్కలు తొట్టిలోకి మారాయి. కప్ప ఊరుకుంది. వేసవి వచ్చేసరికి తొట్టి నిండింది, కొత్త గింజలు కూడా కట్టాయి. జూన్‌లో రిటైరైన రోజున శాలువా కప్పి, స్టీలు బిందె ఇచ్చి పంపారు. బిందె లచ్చవ్వ తీసుకుంది. అతను డబ్బీ తీసుకుని వచ్చాడు.

ఆ జూలైలో వాన గట్టిగా పడింది. మట్టి పోసిన మూల పోగా తుంగమడుగు ముప్పావు వంతు మిగిలింది. అందులో మోకాటి లోతు కాకపోయినా పిక్కలు మునిగేంత నీళ్ళు నిలిచాయి. బుచ్చిరాములు బండ మీద కూర్చుని ఒక్కొక్క గింజకూ బ్లేడుతో గంటు పెట్టి ఇస్తుంటే, లచ్చవ్వ నీళ్ళలో దిగి విడిచింది. నేను గొడుగు పట్టుకున్నాను. ఎవరి మీద పట్టాలో తెలియక ఇద్దరినీ తడిపాను.

తరవాత నేను ఊళ్ళు పట్టుకు తిరిగి 1998 సెప్టెంబరులో గానీ మళ్ళీ అటు రాలేదు. వెళ్ళేసరికి ఇద్దరూ అక్కడే ఉన్నారు. అతను బండ మీద, ఆమె ఒడ్డున గంప పట్టుకుని. దక్షిణం పక్క నీళ్ళ మీద నాలుగాకులు పరుచుకుని ఉన్నాయి. నీటికోడి ఒకటి వాటి మీద నడుచుకుంటూ పోతోంది.

"చూడు సార్," అంది లచ్చవ్వ నన్ను చూడగానే. "రెండేండ్ల సంది అడుగుతున్న, ఒక్కసారి పప్పుల ఏసుకుంటనని. ముట్టనిస్తలేడు. ఇంట్ల నేను పెండ్లాన్నా, మడుగు పెండ్లామా?"

బుచ్చిరాములు లేచి, ప్యాంటు మడిచి, నీళ్ళలోకి దిగి, మడుగును ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకసారి చూశాడు. మనసులో ఏవో ఏళ్ళు లెక్క పెట్టుకున్నట్టున్నాడు.

"సరె, తెంపుకో," అన్నాడు. "గని గా పడమర దిక్కు పోకు. ఈ ఏడు ఇటు పక్కనే."