బావ కొట్టాల్సిన తాబేలు

మా బావ లేత్ మిషను మీద పాతికేళ్ళు పనిచేసిన మనిషి. రెండేళ్ళ కిందట ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి సగం పోయింది, మాట ముప్పాతిక పోయింది. బతికి బయటపడ్డాడు, అదే పదివేలు అనుకున్నాం. ఆసుపత్రి నుంచి పంపించేటప్పుడు డాక్టరమ్మ నన్నూ మా అక్కనూ కూచోబెట్టి చెప్పింది: ఆయనకు అంతా అర్థమవుతుంది, మాటలు లోపల ఉన్నాయి, బయటికి రావడానికి టైం పడుతుంది, మీరు మాత్రం అందించొద్దు, ఆయన్నే చెప్పనివ్వండి అని. సరేనని బుద్ధిగా తలలూపి తిరుత్తణికి వచ్చేశాం. ఇల్లు చేరిన అరగంటకే అందించడం మొదలుపెట్టాం.

మా వాళ్ళలో జబ్బు మనిషిని కదలనివ్వకపోవడమే ప్రేమ. చొక్కా గుండీలు అక్కే పెట్టేది. అన్నం అక్కే కలిపేది. మాట కూడా మేమే కలిపేవాళ్ళం. ఒకరోజు ఆయన "నీ..." అన్నాడు. అక్క కుట్టు మిషను ఆపి పరిగెత్తి చెంబుతో నీళ్ళు తెచ్చింది. తాగాడు. కాసేపటికి మళ్ళీ "నీ..." అన్నాడు. "ఇప్పుడే గదయ్యా తాగితివి, ఇంకా దప్పికగా ఉండాదా?" అని ఇంకో చెంబు తెచ్చింది. అదీ తాగి తలూపాడు. ఆ వారం అక్క మెట్ల మీద జారి కాలు బెణికించుకుని కుంటుతోంది. నీ కాలు ఎట్లుందని అడగబోయాడట పాపం. రెండు రోజుల తర్వాత ఆమె మడమ వైపు వేలు చూపించి, పావుగంట కష్టపడి అడిగితేగానీ మాకు తెలియలేదు. అక్క వంటింట్లోకి పోయి ఏడ్చింది.

ఇంత జరిగినా మా బుద్ధి మారలేదు. అందరిలోకీ అధ్వానం నేనే. నాకు ఓపిక అనేది పుట్టుకతోనే లేదు. ఎదుటి మనిషి ముక్కు చీదుకునేలోపు నేను జవాబు చెప్పేస్తాను. తిరువళ్ళూరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో నా పని, అక్కడే ఒక గది తీసుకుని ఉంటాను. ఆదివారం ఎలక్ట్రిక్ ట్రైనెక్కి అక్క ఇంటికి పోయేవాణ్ణి. పోయి బావ ఎదురుగా కూచుంటే ఆయన ఒక మాట మొదలుపెట్టడం, నేను పూర్తిచెయ్యడం, ఆయన తలూపడం. గంటకల్లా మాటలైపోయేవి. మిగతా పూటంతా ఎట్లా గడపాలో తెలిసేది కాదు.

ఆ విసుగుతోనే ఒక ఆదివారం గేమ్ పెట్టె తీసుకుపోయాను. చేతిలో పట్టేంత ఉంటుంది, టీవీకి కూడా తగిలించుకోవచ్చు. నాతో పనిచేసేవాడు కొత్తది కొనుక్కుని పాతది నాకిచ్చాడు. అందులో జపాను వాళ్ళ ఆట ఒకటి ఉంది. పరిగెత్తడాలు, కాల్చడాలు ఉండవు. మనవాళ్ళు నలుగురు ఒక పక్క, రాక్షసులు ఇంకో పక్క నిలబడతారు. మన వంతు వచ్చినప్పుడు కొట్టాలా, కాచుకోవాలా, మందు వెయ్యాలా, మంత్రం చదవాలా అని ఎంచుకోవాలి. ఆ తర్వాత వాళ్ళ వంతు. వినడానికి ఇంతే. కానీ ఆ ఆట తయారుచేసినవాళ్ళకు దయాదాక్షిణ్యం లేదు. ఒక్క తప్పుకు నలుగురూ చచ్చిపోతారు. నేను ఆడే పద్ధతి ఒక్కటే: కొట్టు, కొట్టు, ఇంకా కొట్టు. అందుకే రెండో ఊరు దాటలేకపోయాను.

ఆ రోజు నేను ఆడుతుంటే బావ చూస్తున్నాడు. కొట్లాట మధ్యలో అక్క కాఫీకి పిలిచింది. పెట్టె ఆయన ఒళ్ళో పడేసి పోయాను. తాగి వచ్చేసరికి పది నిమిషాలైంది. బావ ఎడమ చేతి బొటనవేలు బొత్తాం మీద పెట్టి తెరవైపే చూస్తున్నాడు. మూడు నక్కలు పళ్ళు బయటపెట్టి నిలబడి ఉన్నాయి. నన్ను చూసి అడిగాడు.

"అది... కొ... కొట్టదా?"

"కొట్టదు బావా. నువ్వు నొక్కేదాకా అట్లే నిలబడుంటాది."

"ఎంత... సేపైనా?"

"ఎంతసేపైనా."

బావ నవ్వాడు. జబ్బు చేసినాక అంత నవ్వు నేను చూడలేదు. నాకు అప్పుడు ఎందుకో అర్థం కాలేదు. ట్రైన్లో వచ్చేటప్పుడు అర్థమైంది. ఆ ఇంట్లో ఆయన వంతు వచ్చేదాకా, వచ్చాక కూడా, ఆగింది ఆ మూడు నక్కలే. ఆ ఆలోచనతో సిగ్గుపడ్డాను.

పెట్టె ఆయన దగ్గరే వదిలేశాను. వారంలోనే రెండో ఊరు దాటాడు. నెలకు నేను పేరు కూడా వినని చోట్లకు పోయాడు. తెర మీది ఇంగ్లీషు పెద్ద పెద్ద మాటలు ఆయనకు రావు, కానీ కొట్టు, కాచుకో, మందు అనే నాలుగు మాటలు గుర్తుపట్టేశాడు. మిగతాది చూపుతోనే లాగేసేవాడు. పాతికేళ్ళు మిషను చప్పుడు విని ఎక్కడ తేడా ఉందో చెప్పినవాడు కదా. ఏ రాక్షసి ఎన్నో వంతులో ఏం చేస్తుందో చూసి, గోడకున్న రోజువారీ క్యాలెండరు నుంచి చించిన కాగితాల వెనక ఎడమచేత్తో గీతలు గీసేవాడు. ఆదివారం నేను పోగానే ఆ కాగితాలు చూపించి చెప్పేవాడు. ఆట గురించి చెప్పేటప్పుడు నేను అందించలేను, నాకు తెలియదు గదా! అందుకని ఆయన ఎంతసేపు తీసుకున్నా నోరు మూసుకుని వినేవాణ్ణి. అట్లా విని విని, ఆయన మాటలు కొంచెం కొంచెంగా పొడుగవుతున్నాయని గమనించాను. కుడిచేత్తో బంతి పిసికే వ్యాయామం కూడా ఎవరూ చెప్పకుండానే చేస్తున్నాడని అక్క చెప్పింది. "ఆ డబ్బా పుణ్యమా అని మనిషి లేస్తా ఉండాడురా," అంది.

అప్పుడు తాబేలు వచ్చింది.

ఒక గుహలో ఇనప తాబేలు, ఇల్లంత ఉంటుంది. మామూలుగా కొడితే దెబ్బ తగులుతుంది. తల లోపలికి లాక్కున్నప్పుడు కొట్టామా, ఆ దెబ్బ మనకే తిరిగొస్తుంది. ఆ తర్వాతి వంతులో అది కొట్టే దెబ్బకు కాచుకోని వాడు ఖాయంగా పోతాడు. ఇంతా చేస్తే, సగం బలం తగ్గాక అది తల లాక్కునే వరస మార్చేస్తుంది. బావ ఎన్నిసార్లు ఓడిపోయాడో లెక్కలేదు. రెండు నెలలు ఆ గుహ దాటలేదు. "ఇంటర్నెట్‌లో చూస్తే ఎట్ల గెలిచేదో చెప్తారు బావా, సీక్కిరం, ఒక్క పూటలో అయిపోతాది," అన్నాను. అరచెయ్యి అడ్డంగా చూపించాడు, వద్దని. "నేనే," అన్నాడు. ఆ మాట మాత్రం ఒక్క ఊపులో వచ్చింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను పోయేసరికి కాగితాలన్నీ వరసగా మంచం మీద పరిచి ఉన్నాయి. వరస దొరికిందట. ఏ వంతులో ఎవరు ఏం చెయ్యాలో, చివరిదాకా రాసిపెట్టాడు. మందులన్నీ సిద్ధం చేసుకున్నాడు. నన్ను చూడమని పక్కన కూచోబెట్టుకుని, అవన్నీ ఒక్కొక్కటిగా చెప్పి, పెట్టె చేతిలోకి తీసుకునేసరికి నాలుగున్నర కావస్తోంది. ఆగిపోయాడు. గోడ మీది క్యాలెండరు చూపించాడు. ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం!

బావ లేత్ మీద కొత్త ముక్క ఎప్పుడూ రాహుకాలంలో బిగించి ఎరగడు. సూపర్‌వైజరు తిట్టినా మిషను తుడుస్తూ టైం గడిపేసేవాడట. జపాను తాబేలుకు రాహుకాలమేంది బావా అని నేను నవ్వాను. అక్క మాత్రం కుట్టు మిషను దగ్గర్నుంచే, "ఆరు దాటినాక మొదలుపెట్టు, ఇన్నాళ్ళు ఆగినోనివి గంటన్నర ఆగలేవా," అంది. బావ పెట్టె పక్కన పెట్టాడు. మధ్యాహ్నం మాత్రలకు ఆయనకు నిద్ర ముంచుకొస్తుంది. గోడకు ఆనుకుని కునుకులోకి జారాడు.

ఐదయింది. నేను కాలుగాలిన పిల్లిలా ఆ గదిలోనే తిరుగుతున్నాను. మంచం మీద పెట్టె, పక్కనే కాగితాలు. ఊరికే ఒకసారి చూద్దామనుకున్నాను. ఓడిపోతే గుహ ముందు నుంచే మళ్ళీ మొదలవుతుంది, నష్టమేం లేదు. పైగా నేను ఓడిపోవడం ఖాయం, నా చరిత్ర నాకు తెలుసు. ఇవన్నీ ఇప్పుడు చెప్పుకుంటున్న సాకులు కావు, అప్పుడు నిజంగానే అనుకున్నాను. కాగితం ముందు పెట్టుకుని ఆయన రాసింది రాసినట్టు నొక్కాను. ఒక్క తప్పు లేదు ఆయన లెక్కలో. ఆపాల్సిన చోటు రెండు మూడుసార్లు వచ్చింది. ఆపలేదు. గెలుస్తున్నానని తెలిసినకొద్దీ వేలు ఆగలేదు. తాబేలు వెల్లకిలా పడింది, బాజాలు మోగాయి, ఆట తనంతట తానే ఆ గెలుపు రాసేసుకుంది. ఎక్కడిదాకా ఆడామో దాంట్లో రాసుకునే చోటు ఒక్కటే. ఇక వెనక్కి పోవడం లేదు.

బాజాలు విని అక్క వచ్చింది. "చచ్చిందా! ఏమయ్యా, లే లే, తాబేలు చచ్చిపోయింది, నీ బామ్మర్ది కొట్టేసినాడు!" అని బావ భుజం తట్టి లేపింది. పాపం ఆమెకు నిజమైన సంతోషం. ఆయన కష్టం తీరిందనే అనుకుంది. మొన్నటిదాకా గుండీలు పెట్టినట్టే ఇదీ.

బావ తెర చూశాడు. నన్ను చూశాడు. పెదవులు కదిలాయి.

"నన్... నన్ను..."

"నిన్ను లేపాల్సింది, అంతే గదా బావా? నువ్వు మంచి నిద్రలో ఉండావని..."

ఆయన తలూపాడు. రెండో చెంబు నీళ్ళు తాగి ఎట్లా తలూపాడో అట్లాగే. తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆయన ఏమనబోయాడో నాకు ఈ రోజుకీ తెలియదు.

ట్రైన్లో నాకు మొదట వచ్చింది కోపం. ఆటే కదా, ఏం కొంప మునిగిందని! తిరువాలంగాడు స్టేషను దాటేసరికి ఆ కోపం నా మీదికి తిరిగింది. రెండు వారాలు పోలేదు. ఓవర్‌టైం అని అబద్ధం చెప్పాను. రెండో వారం అక్క ఫోన్ చేసింది. పెట్టె ముట్టడం లేదట. బంతి కూడా ముట్టడం లేదట. ఏమడిగినా తలూపుతున్నాడట. "ఏమైందిరా ఈయనకు? బాగుండినాడే!" అని అడిగింది. డాక్టరమ్మ, ఈ మొదటి ఏడాదిలో చెయ్యి ఎంత వాడితే అంత వస్తుంది, మాటా అంతే, అని చెప్పి ఉంది.

మూడో ఆదివారం పోయాను. ఆయన ముందు కూచున్నాను. "తప్పు నాదే బావా. అది నువ్వు కొట్టాల్సింది. నేను కొట్టేసినా. నన్ను తిట్టు," అన్నాను. అని ఊరుకున్నాను. అక్క ఏదో అనబోతే చేత్తో ఆపాను. కుట్టు మిషను కూడా ఆపేసింది. నా లోపల పది మాటలు తోసుకొస్తున్నాయి, పరవాలేదా అని, క్షమించావా అని. ఒక్కటీ బయటికి రానివ్వలేదు. బతుకులో నేను చేసిన అతి కష్టమైన పని అదే.

"మొద... టి... నుంచి," అన్నాడు.

పెట్టె తీసుకుని, కొత్త ఆట అన్నదాని మీద వేలు పెట్టాడు. పాతదంతా చెరిగిపోతుంది, సరేనా అని అడిగింది ఆట. ఐదు నెలల శ్రమ. అయ్యో అని నోటిదాకా వచ్చింది. ఆయన నొక్కేశాడు. తర్వాత మా ఇద్దరివైపూ వేలు చూపించి, "ఎవురూ... ముట్టొద్దు," అన్నాడు.

మళ్ళీ రెండో ఊరు, మళ్ళీ నక్కలు. ఈసారి నన్ను పక్కన కూచోనివ్వలేదు. ఆదివారాలు నేను అక్కకు గుండీలు, దారాలు అందిస్తూ కూచునేవాణ్ణి. బావ గుండీలు బావే పెట్టుకునేవాడు, చొక్కా వంకరగా ఉన్నా ఎవరూ సర్దేవాళ్ళం కాదు.

పోయిన నెల ఒక సాయంత్రం షిఫ్టు ముగించుకుని తిరువళ్ళూరు స్టేషన్లో నిలబడి ఉన్నాను, చెన్నైలో ఏదో పనుండి. ఫోన్ మోగింది, బావ నంబరు. ఆ నంబరు నుంచి ఎప్పుడూ అక్కే మాట్లాడుతుంది. "చెప్పక్కా," అన్నాను. అక్క కాదు. ఊపిరి వినిపించింది.

"తా... బేలు," అన్నాడు.

"ఆ, బావా."

నా ట్రైను వచ్చింది. ఎక్కితే ఆ రద్దీలో ఏమీ వినబడదు. ఎక్కలేదు. జనం ఎక్కారు, దిగారు, నన్ను తోసుకుని పోయారు. గెలిచినావా అనే మాట నాలుక చివర నిలబడి ఉంది. ట్రైను పోయింది. ప్లాట్‌ఫారం ఖాళీ అయింది.

"ఓడి... పోయినా," అన్నాడు బావ, నవ్వుతూ. "ఒక్క... దెబ్బ... తక్కువై... పోయింది. రేపు... మళ్ళీ కొడతా."

ఫోన్ ఆయనే పెట్టేశాడు.