మూడో సిలిండరులో వాన

మా లారీలు పుదుచ్చేరి చేరేసరికి తెల్లవారుతోంది. వాన ఆగింది, గాలి మాత్రం ఇంకా విసురుగానే ఉంది. తుపాను ముందురోజే తీరం దాటింది. చెట్లు రోడ్డుకి అడ్డంగా పడి ఉన్నాయి. పల్లపు వీధుల్లో మోకాలి లోతు నీళ్లు. ఊరంతా కరెంటు లేదు. మాకు బసగా టౌన్లో ఒక స్కూలు ఇచ్చారు. ఎనిమిదో తరగతి గదిలో సామాను దింపాం. రెండు రబ్బరు పడవలు, నీళ్లు తోడే పంపులు, తాళ్లు, రంపాలు, నా పనిముట్ల పెట్టె. నేను బండ్ల మెకానిక్‌ని, హోదా నాయక్.

సైనికుడి జ్ఞాపకాలంటే మీరు మంచుకొండల గురించి అడుగుతారు. అక్కడా రెండేళ్లు చేశాను. చలి తప్ప చెప్పుకోవడానికి ఏమీ లేదు. నాకు బాగా గుర్తున్న డ్యూటీ ఇదే, సొంత ఊళ్లో చేసింది. మా తాతల కాలం నుంచి ఇక్కడే ఉన్న తెలుగువాళ్లం. బస నుంచి మా ఇంటికి నడిచి వెళ్లొచ్చు. అయినా వెళ్లకూడదు. దేశమంతా తిప్పి తిప్పి సర్కారు నన్ను మా వీధి పక్కనే దించి, గడప మాత్రం తొక్కొద్దంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

సుబేదార్ సాబ్ హుకుం సూటిగా ఉంటుంది. పంపులన్నీ టౌన్ వీధులకి, పడవలు ఏటి ఒడ్డు గుడిసెలకి. పంపు ఆగితే నా తోలు తీస్తానన్నాడు. మనిషి మంచివాడు. నా ఊరని తెలిశాక, పని తగ్గగానే సగం రోజు సెలవిస్తాను, మీ అమ్మని చూసి రా అన్నాడు.

మూడో రోజు పొద్దున నన్నూ లారీ డ్రైవర్నీ తాగునీళ్ల క్యాన్లతో వంతెన దాటించి అరియాంకుప్పం పంపారు. డ్రైవరు పంజాబు రైతు బిడ్డ. ట్రాక్టరు మీదే పుట్టానని చెప్పుకునేవాడు. క్యాన్లు దింపుతుంటే అరవై ఏళ్ల పెద్దాయన వచ్చి తమిళంలో పంపు అడిగాడు. వెనకాలే ఆయన భార్య తెలుగులో గొణుగుతోంది.

"మిలిటరీవాళ్లని యాడ పంపు అడగతావు? వాళ్లకే చాల్లేదంట."

నేను లారీ మీంచి దూకాను. "ఏంది అక్కా కష్టం?" అన్నాను. ఆమె నా యూనిఫారం కింద నుంచి పై దాకా చూసింది. "మనోళ్లా తంబీ?" అంది. ఆ ఒక్క మాటకి నాకు ఇంటికి వెళ్లొచ్చినట్టే అయింది.

ఆయన పేరు మునిరత్నం, ఆమె కుప్పమ్మ. వాళ్లకున్నది ఒకటే చేను, ఏడాది తిండంతా అందులోనే. సంబా వరి పూర్తిగా మునిగి రెండు రోజులైంది. ఇంకో రెండు రోజులు అలాగే ఉంటే కుళ్లిపోతుంది. చేను పల్లంలో ఉంది. గట్టు కొడితే కాలవ నీళ్లే లోపలికి వస్తాయి. తోడాల్సిందే. కరెంటు లేదు కాబట్టి మోటారు పనికిరాదు. ట్రాక్టరుకి తగిలించే పంపు ఉంది. కానీ ట్రాక్టరు ఇంజనే తిరగకుండా పట్టేసింది.

పాకలో చూశాను. పాత మూడు సిలిండర్ల బండి. స్టార్టు చేయబోతే లోపల టక్కుమని ఒక్క చప్పుడు, అంతే. ఫ్యాను చేత్తో తిప్పితే కదల్లేదు. దసరా దాకా బాగానే దున్నిందట. అంటే దసరా తర్వాతే ఏదో జరిగింది. సిలిండర్లలోకి డీజిలు చిమ్మే ఇంజెక్టర్లు విప్పాను. మొదటి రెండు రంధ్రాలు పొడిగా ఉన్నాయి. మూడోదాంట్లో తీగ ముంచితే ఎర్రటి తుప్పునీళ్లు అంటుకొచ్చాయి.

తల పైకెత్తాను. పాక కప్పులో చిల్లు. దాని కింద నిటారుగా పొగగొట్టం, దాని నోరు తెరిచి ఉంది. అలాంటి గొట్టం మీద వాన పడకుండా ఎవరైనా ఒక డబ్బా బోర్లిస్తారు. డబ్బా ఏదని అడిగాను.

కుప్పమ్మ మొహం మారిపోయింది. "ఆయుధపూజకి బండి కడిగినాను తంబీ. గొట్టానికి దండ వేస్తే డబ్బా అడ్డమొచ్చింది. తీసి అటక మీద పెడితిని," అంది.

తర్వాత కురిసిన వానంతా దండ మీదుగా జారి, వాల్వు తెరిచి ఉన్న మూడో సిలిండరులో చేరింది. బండికి భక్తితో అభిషేకం జరిగిపోయింది. మునిరత్నం భార్య వైపు తిరిగాడు. తిడతాడేమో అనుకున్నాను.

"పోనీలే. పూజ చేసింది నా బండికే కదా," అన్నాడు.

ఈలోపు మా డ్రైవరు గొలుసు తెచ్చాడు. లారీకి కట్టి, గేరులో వేసి లాగితే ఒక్క గుంజుకి ఊడొస్తుందన్నాడు. మునిరత్నం కళ్లు వెలిగాయి. ఆలస్యం అమృతం విషమన్నది ఆయన చేనుకి నిజమే. ఇంజను దగ్గర మాత్రం నిదానమే ప్రధానం. తుప్పు పట్టిన పిస్టన్ని గుంజితే రాడ్డు వంగుతుంది. అప్పుడు ఈ పంటే కాదు, వచ్చే పంటకీ బండి ఉండదు. నేను గొలుసు మీద కూర్చున్నాను. డ్రైవరు పంజాబీలో నన్నేదో అన్నాడు. అర్థం కాకపోవడమే మంచిదైంది.

వాకీటాకీలో సుబేదార్‌ని పిలిచాను.

"సాబ్, ఒక ట్రాక్టరు విప్పాను."

"మనదా?"

"ఊరివాళ్లది. అది నడిస్తే వాళ్ల వరి బతుకుతుంది. రేపు పొద్దుటికి అవుతుంది."

కాసేపు గరగర. "రేపు మధ్యాహ్నం కడలూరు కదులుతున్నాం. నీ సగం రోజు సెలవు అందులో పోతుంది."

"పోనీండి సాబ్."

తుప్పునీళ్లు గుడ్డతో పీల్చి, మూడు రంధ్రాల్లోనూ డీజిలూ ఇంజనాయిలూ కలిపి పోశాను. ఇక చేసేదేమీ లేదు, నాననివ్వాలి. మునిరత్నం చేని వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు. ఆయన కోపం నాకు అర్థమైంది. నా చేను మునిగినా నేనూ అలాగే చూసేవాణ్ని.

మర్నాడు తెల్లారగానే వెళ్లాం. ముందువైపు పుల్లీ నట్టుకి పెద్ద స్పానరు వేసి, దానికి ఇనప గొట్టం తొడిగాం. గొట్టం చివర డ్రైవర్నే పెట్టాను. నొక్కు, వదులు. ఇటు నొక్కు, అటు నొక్కు. బలం వద్దు, చంటిబిడ్డని ఊపినట్టు ఊపమన్నాను. గంట గడిచినా ఏమీ లేదు. ఇంకొంచెం నూనె పోశాను. నిజం చెప్పాలంటే నాకూ భయం పట్టుకుంది.

అప్పుడే పక్కింటాయన స్కూటరు వెనక కూర్చుని మా అమ్మ దిగింది, చేతిలో టిఫిన్ క్యారియరుతో. సెలవు పోయిన సంగతి బసలో ఎవరో చెప్పారట.

"కన్నతల్లికన్నా నీకు ఈ ఇనుము ముద్దయిపోయిందేరా?" అంది.

కుప్పమ్మ ముందుకొచ్చి, తప్పు తనదేనని మొదలుపెట్టింది. మా అమ్మ మొత్తం విని, ఆమె చేతిలో ఇడ్లీ పెట్టి, ముందు తినమంది. తర్వాత అందరికీ పెట్టింది. డ్రైవరు ఒక చేత్తో ఇడ్లీ తింటూ, రెండో చెయ్యి అలవాటుగా గొట్టం మీద వేసి ఊపాడు.

గొట్టం కదిలింది.

వెంట్రుకవాసి కదిలింది. వెనక్కి, ముందుకి, మళ్లీ వెనక్కి. వేలెడు, బెత్తెడు, ఆపైన పూర్తి చుట్టు. ఇంజెక్టర్లు లేకుండానే సెల్ఫు కొట్టించాను. మూడో రంధ్రంలోంచి ఎర్రటి నూనె చిమ్మి డ్రైవరు చొక్కా నిండా పడింది. గొలుసుతో గుంజుతానన్నందుకు ఇంజను కక్ష తీర్చుకుందని ఏడిపించాను. పాత ఆయిలు తీసి కొత్తది పోశాం. ఇంజెక్టర్లు బిగించి, గొట్టాల్లో గాలి తీశాం. మునిరత్నం దండం పెట్టుకుని స్టార్టు చేశాడు. దగ్గింది. తెల్లపొగ, తర్వాత నల్లపొగ. ఆపైన డగడగమని పట్టుకుంది. ఆ చప్పుడు విని నాకు ఒళ్లు పులకరించింది. సిగ్గుపడకుండా చెబుతున్నాను.

మా అమ్మ క్యారియరు సర్దుకుంటూ, నీ సెలవు బాగానే గడిచిందిలే అంది.

మధ్యాహ్నం మా లారీలు కడలూరు రోడ్డు పట్టాయి. అక్కడ నెలాఖరు దాకా పనిచేసి యూనిట్‌కి తిరిగి వెళ్లాం. ఇప్పుడు రిటైరై టౌన్లోనే ఉంటున్నాను. చూసినవి చాలానే మరిచిపోయాను.

ఆ మధ్యాహ్నం, రోడ్డు పక్కనే ఉన్న వాళ్ల చేను దాటుతూ లారీ వెనక నుంచి చూసింది మాత్రం పోలేదు. పంపు నీళ్లు కాలవలోకి ఎగజిమ్ముతోంది. గట్టు మీద, అంత మోతలోనూ, మునిరత్నం తువ్వాలు మొహాన కప్పుకుని నిద్రపోతున్నాడు. చేలో పచ్చటి కొసలు ఒక్కొక్కటే నీళ్లలోంచి బయటపడుతున్నాయి. కుప్పమ్మ పిక్కల లోతు నీళ్లలో వంగి, అరచేత్తో నీళ్లు తీసుకుని, ఆకులకి పట్టిన బురద కడుగుతోంది. డ్రైవరు హారన్ కొట్టాడు. ఆమె తలెత్తలేదు. పక్క దుబ్బు దగ్గరికి జరిగి, దాన్ని కడగడం మొదలుపెట్టింది.