గచ్చు మీద ఇసుక

తాబేళ్ల పెంపక కేంద్రంలో ఆమెను అందరూ అద్దం అక్క అనేవారు. ఆమె కడిగిన గచ్చులో చూసుకుని తల దువ్వుకోవచ్చని సూపరింటెండెంటు గొప్పలు పోయేవాడు. ఇంట్లో గిన్నెలు పేరుకుపోతే మాత్రం భర్త, "మనమూ ఓ తాబేలును తెచ్చుకుందాం, అప్పుడైనా కడుగుతావేమో" అని దెప్పేవాడు.

ఏళ్ల క్రితమే ఆ తాబేళ్ల జాతి ఏటి ఒడ్డున కనుమరుగైంది. మిగిలినవన్నీ ఈ తొట్లలోనే. వాటిలో గుడ్లు పెట్టే ఆడది ఒక్కటే, పెద్దమ్మ. ఏటా గుడ్లను నీళ్లలోనే జారవిడిచేది, అవి పాడైపోయేవి.

"ముసలిదైపోయింది. ఈసారీ ఇంతే అయితే పెంపకం ఆపేసి రంగు చేపలు వేద్దాం" అన్నాడు సూపరింటెండెంటు. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

ఒకరోజు కిటికీలోని పూలకుండీ తొట్టి పక్కన పడి పగిలింది. ఆమె చీపురు తెచ్చేలోగా పెద్దమ్మ గట్టెక్కి, చిందిన మట్టిని వెనక కాళ్లతో గోకుతోంది. వట్టి గచ్చును అది అలా గోకడం ఆమె ఎన్నిసార్లు చూసిందో. యాగీ చేస్తోందనుకుంది. పాపం, దానికి కావలసింది గుడ్లు పెట్టుకునే గుంట. గుప్పెడు మట్టి కూడా మిగల్చకుండా ఊడ్చిపారేసింది తనే. సిగ్గుతో ఏడుపొచ్చింది. ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు గనుక, మర్నాడే భర్తతో బస్తాలు మోయించి గచ్చు మీద ఇసుక కుమ్మరించింది.

సూపరింటెండెంటు అదిరిపడ్డాడు. "ఇదేంటి? పైవాళ్లు తనిఖీకి వస్తున్నారు. ఎత్తించు."

"ఎత్తను సార్."

"ఉద్యోగం ఊడుతుంది."

"ఊడనివ్వండి. అది గుడ్లు పెట్టేదాకా ఇక్కణ్ణుంచి కదలను" అని ఇసుకలో చతికిలబడింది.

పైవాళ్లు వచ్చినా లేవలేదు. వాళ్లు ముక్కుమీద వేలేసుకుని, ఈ ఒక్క ఏడాదీ చూద్దామని పోయారు. పెద్దమ్మ చాలా రోజులు ఆ ఇసుక వంక చూడనైనా చూడలేదు. నవ్వేవాళ్లు నవ్వారు. తీరా ఒక వాన సాయంత్రం గుంట తవ్వి, గుడ్లు పెట్టి, కాళ్లతోనే కప్పింది. ఆమె ఏ గుడ్డూ తిరగబడకుండా తీసి, పొదిగించే వెచ్చని పెట్టెలో సర్దింది.

పిల్లలు బయటపడిన రోజు సూపరింటెండెంటు సంబరంగా వచ్చాడు. "రేపు ఫోటోలు తీస్తారు. పని అయిపోయిందిగా, ఇక ఇసుక తీసేయి."

"వీటిలో ఆడపిల్లలు లేరా సార్? వాటికి పుట్టిల్లు ఇదే. రేపు పురుడు ఎక్కడ పోసుకుంటాయి? తీయడం కాదు, ఇంకో నాలుగు బస్తాలు తెప్పించండి."